పుట్టగోడ ఇల్లు

బహుళ విదియ

పొద్దున నేను రొయ్యల హేచరీకి బయల్దేరుతుండగా వంటింట్లో గిన్నెల స్టాండు ఊడి కిందపడింది. మీరు దిగ్గొట్టిన మేకులన్నీ నేల మీదే దొరికాయి. ఒక్కటీ వంగలేదు, తుప్పు పట్టలేదు. గోడకి చిల్లులు కూడా లేవు. మేకులు ఎక్కడుండేవో వేళ్ళతో తడిమి చూశాను. ఏమీ తెలియలేదు.

"గోడ ఉమ్మేసిందే వాటిని," అని అత్తయ్య నవ్వింది.

మీరు పక్షం రోజులు సముద్రంలో గాలిమరల మీద పనిచేసి ఇంటికొచ్చేసరికి నేను సగం సంగతులు మర్చిపోతున్నానని, ఏ రోజుది ఆ రోజు రాసిపెట్టమన్నారు కదా. ఈసారి గిన్నెల స్టాండుతో మొదలుపెడుతున్నాను. నవ్వుకోండి.

పక్కింటి భూలోకం బాబాయ్ సుత్తి పట్టుకుని వచ్చాడు. మేకులు మళ్ళీ కొట్టి, గోడని గేదెని నిమిరినట్టు నిమిరాడు.

"పుట్టగోడ కదమ్మాయ్. మనకి గీసుకుంటే పొక్కు కట్టి మానట్లేదా? ఇదీ అంతే. దెబ్బ తగిలితే మాన్పుకుంటాది," అన్నాడు.

పాత ఊరు సముద్రంలో కలిసిపోయాక ఈ ఇళ్ళు ఇచ్చినప్పుడు మనమందరం భయపడ్డాం, గుర్తుందా? అచ్చుల్లో నారు పోసినట్టు పుట్టగొడుగుల విత్తనమేదో పోసి వెళ్ళారు. వర్షాకాలం తిరిగేసరికి గోడలు లేచి నిలబడ్డాయి. అప్పుడు కూడా భయపడనిది భూలోకం బాబాయ్ ఒక్కడే.

"మూడిళ్ళు సముద్రానికిచ్చాను. ఈ ఇల్లు ఇచ్చిన కాణ్ణించి ఒక్క చుక్క కారలేదమ్మాయ్, ఒక్క చుక్క," అంటూ టీ తాగి వెళ్ళాడు.

చవితి

సింకులో నీళ్ళు పోవడం లేదు. పొద్దున అంట్లు తోముతుంటే నీళ్ళు నిండి, పొంగి, వంటిల్లంతా పారాయి. అత్తయ్య చూసుకోకుండా వచ్చి జారింది. ఎముకలు విరగలేదు గానీ నడుం పట్టేసింది. గొట్టంలో తీగ పెట్టి పొడిస్తే మెత్తగా, తెల్లగా, కొబ్బరి లేత గుజ్జులాంటిది వచ్చింది. వాసన లేదు. చేతికి చల్లగా తగిలింది.

ముందు గదిలో ప్లగ్గు బొక్కలు కూడా పూడుకుపోయాయి. మెయిన్ ఆపేసి పిన్నీసుతో గీకి తీశాను. సాయంత్రానికి మళ్ళీ పూడాయి.

ఇక ఊరుకోలేక కాలనీ ఆఫీసుకి కబురు పెట్టాను. హిమజ అనే అమ్మాయి వచ్చింది. కొత్తగా వేసిన ఇంజనీరట. చదువు పూర్తయి ఎన్నాళ్ళో అయినట్టు లేదు. సింకు కింద మోకాళ్ళ మీద కూర్చుని లైటు వేసి చూసింది.

"ఇది పాడవడం కాదండీ, బాగా పనిచేయడం," అంది. "గాలి ఎక్కడ కదిలినా, తడి ఎక్కడ తగిలినా గోడకి అక్కడ పగులు ఉన్నట్టు అనిపిస్తుంది. పూడ్చేస్తుంది."

"తూముకీ పగులుకీ తేడా తెలియదా దానికి?"

"అందుకే తూములకీ గుమ్మాలకీ కిటికీలకీ చుట్టూ ఒక మందు పూస్తారు. మందు ఉన్న చోటికి గోడ రాదు."

"మరి వచ్చింది కదండీ."

ఆ అమ్మాయి తూము అంచుని వేలితో మరోసారి తడిమింది. తర్వాత లేచి చేతులు తుడుచుకుంది. "మందు మళ్ళీ పూయిస్తాను. ఈలోపు కత్తి మాత్రం పెట్టకండి. కోసినకొద్దీ ఎక్కువ పెరుగుతుంది. గోడని కోయడం నేరం కూడా. మీ మంచికే చెబుతున్నాను."

అత్తయ్య మంచం మీంచి, "మరి నా నడుం ఎవరు మాన్పుతారమ్మా?" అని అడిగింది. హిమజ ముఖం ఎర్రబడింది. వెళ్ళేటప్పుడు తన సంచిలోంచి నొప్పి మాత్రలు తీసి ఇచ్చి వెళ్ళింది.

షష్ఠి

హేచరీ నుంచి వచ్చి తాళం తీయబోతే తాళంచెవి లోపలికి దిగలేదు. బొక్క పూడుకుపోయింది. అత్తయ్య లోపలి నుంచి గడియ తీస్తే గానీ నేను ఇంట్లోకి రాలేకపోయాను. భూలోకం బాబాయ్ తాళాన్ని మొత్తంగా విప్పేశాడు. తలుపులో ఇప్పుడు పిడికిలి పట్టేంత కన్నం మిగిలింది. ఇక పొద్దున్నే పళ్ళు తోముకున్నట్టు రోజూ ఆ కన్నం అంచులు గీకి శుభ్రం చేసుకోవాలి.

అది కాదు నేను రాయాలనుకున్నది. పడగ్గదిలో పైన వెంటిలేటరు ఉండేది కదా, పిచ్చుక వచ్చి కూర్చునేది? దాని కోసం పైకి చూశాను. లేదు. మూసుకుపోయిన గుర్తు కూడా లేదు. అక్కడ ఎప్పుడూ గోడే ఉన్నట్టుంది. ఒక నిమిషం నా మీద నాకే అనుమానం వచ్చింది. అత్తయ్యని పిలిచి, "ఇక్కడ వెంటిలేటరు ఉండేది కదూ?" అని అడిగాను.

అత్తయ్య పైకి చూసింది. నవ్వలేదు.

బాబాయ్ ఇంట్లో అయితే వెనక కిటికీ మొత్తం పోయింది. ఆయన చీకట్లో చాప మీద కూర్చుని వల అల్లుకుంటున్నాడు.

"దోమలు రావట్లేదమ్మాయ్," అన్నాడు.

"గాలి కూడా రావట్లేదు కదా బాబాయ్."

"తలుపుందిగా."

అష్టమి

గుమ్మం బయట కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు కుదరకపోతే ఏమనుకోకండి.

మధ్యాహ్నం అత్తయ్య స్నానాలగదిలో తలుపు వేసుకుని బట్టలు ఉతుక్కుంటోంది. నడుం బాగైందంటూ, నేను వద్దన్నా వినకుండా దుప్పట్లన్నీ ముందేసుకుంది. నేను వంట చేస్తున్నాను. చాలాసేపటికి లోపలి నుంచి తలుపు మీద కొట్టిన చప్పుడైంది.

"గడియ తీశానే. తలుపు రావట్లేదు."

తోశాను. భుజంతో గుద్దాను. గోడని గుద్దినట్టే ఉంది. తలుపుకీ గుమ్మానికీ మధ్య సందు ఉండాలి కదా, అది లేదు. పై నుంచి కింద దాకా తెల్లటి గుజ్జు పట్టి ఉంది. గోటితో నొక్కితే గట్టిపడుతోంది.

"సత్యవేణీ! ఇక్కడ గాలాడట్లేదే!"

అత్తయ్య ఎప్పుడూ నన్ను పూర్తి పేరుతో పిలవదు. నేను బాబాయ్ కోసం కేకలు పెడుతూ పరిగెత్తాను. మేం గునపం తెచ్చేసరికి అత్తయ్య నేల మీద పడుకుని తలుపు కిందినుంచి వేళ్ళు బయటికి పెట్టింది. తలుపు కింద అంతా పూడిపోయింది. ఆ నాలుగు వేళ్ళ చుట్టూ మాత్రం పూడలేదు. వేళ్ళ దాకా వచ్చి ఆగిపోయింది. నేను నేల మీద బోర్లా పడుకుని ఆ వేళ్ళు పట్టుకున్నాను. బాబాయ్ గునపంతో పొడుస్తున్నంతసేపూ వదల్లేదు.

తలుపు చెక్కలు విరిగాక అత్తయ్య పాకుతూ బయటికొచ్చింది. సబ్బు నురగ ఆరిపోయి చేతులు తెల్లగా ఉన్నాయి. నన్ను పట్టుకుని, "నీళ్ళలో ఎన్నిసార్లు మునిగానో. ఎప్పుడూ ఇంత భయమెయ్యలేదే," అంది.

స్నానాలగదికి ఇక తలుపు లేదు. చీర అడ్డంగా కట్టాం. బాబాయ్ మాత్రం వెళ్ళేటప్పుడు అత్తయ్యతో, "నీళ్ళు ఎక్కువ పోసుంటావు అప్పా, అందుకే," అన్నాడు. ఆయన తన ఇంటి మీద ఒక్క మాట పడనివ్వడు.

దశమి

హిమజ వచ్చింది. ఈసారి నేను పిలవలేదు. విరిగిన తలుపు చూసి జరిగిందంతా నా చేత చెప్పించుకుంది గానీ నేరం గురించి ఏమీ అనలేదు. గోడలోంచి చిన్న ముక్క గీకి సీసాలో వేసుకుంది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి పైనున్న కిటికీని చాలాసేపు చూసింది. ఆ కిటికీ ఒక్కటే అలాగే ఉంది.

"వేడి," అంది. "వెచ్చగా ఉన్న చోటికి రావడం లేదు. మామ్మగారి వేళ్ళ దగ్గర కూడా అందుకే ఆగింది."

"మందు పూయిస్తామన్నారు కదండీ?"

"మందు లేదు సత్యవేణిగారూ. ఉప్పుగాలికి పూసినదంతా కొట్టుకుపోయింది. ఆఫీసులో చెప్పాను. వానల్లో ఇది మామూలేనన్నారు. ఎండలొస్తే సర్దుకుంటుందన్నారు." గొంతు తగ్గించింది. "ఇంకొకటి. ఇది మీకు చెప్పమని నాకెవరూ చెప్పలేదు. పెరిగేటప్పుడు గోడ కూడా ఊపిరి పీలుస్తుంది. మనం పీల్చే గాలే. తలుపులు వేసుకుని పడుకోకండి."

అప్పుడే లేచి వీధి తలుపు బార్లా తెరిచాను. ఇన్నాళ్ళూ పొద్దున లేవగానే తల బరువుగా ఉంటే చలికి అనుకున్నాను.

ఆ అమ్మాయి ఇంటింటికీ వెళ్ళి అదే మాట చెప్పింది. భూలోకం బాబాయ్ ఇంటి ముందు చాలాసేపు నిలబడి మాట్లాడటం చూశాను. ఆయన తల ఊపుతూనే ఉన్నాడు.

సాయంత్రం మీ ఫోను ఒక్క నిమిషం కలిసింది. వాయుగుండం పట్టిందని, గాలిమరల రెక్కలు కట్టేస్తున్నారని, మిమ్మల్ని ఒడ్డుకి దించడం లేదని చెప్పారు. "నువ్వేం భయపడకు, పుట్టగోడ ఇల్లు తుఫానుకి కదలదు," అన్నారు. నేను గోడల సంగతి చెప్పబోయాను. లైను పోయింది.

ద్వాదశి

వాన మొదలైంది. తుఫాను అమావాస్య పోటుతో కలిసి వస్తుందని మైకులో చెబుతున్నారు. ఎవరూ బయటికి రావద్దని, ఇళ్ళే ఆశ్రయమని చెబుతున్నారు. ఈ ఇళ్ళు కట్టిందే అందుకట.

తడి తగిలేసరికి గోడకి ప్రాణం లేచొచ్చినట్టుంది. వీధి తలుపు మూసుకోకుండా రుబ్బురోలు పొత్రం అడ్డం పెట్టాం. మధ్యాహ్నానికి పొత్రం మీద సగం దాకా తెల్లటి పొర ఎక్కింది. కాగే నీళ్ళు పోసి కడిగితే వెనక్కి ముడుచుకుంది. గ్యాసు ఎంతసేపు వస్తుందో తెలియదు.

కాలనీ మొదటి వరస ఇళ్ళ దగ్గర పాత ఐస్ ఫ్యాక్టరీ డాబా ఉంది కదా, కాంక్రీటుది. మన మూడో వరస నుంచి అక్కడికి పోదామని బయల్దేరాం. బాబాయ్‌ని కూడా పిలిచాను. గుమ్మంలో నిలబడ్డాను. లోపల అడుగు పెట్టలేదు.

"రా బాబాయ్. బట్టలు కూడా సర్దుకోవద్దు. అలాగే రా."

"నన్ను మళ్ళీ ఇల్లు వొదిలి పరిగెట్టమంటావేటమ్మాయ్? పరిగెట్టి పరిగెట్టి అరిగిపోయాను. ఈ ఒక్క ఇల్లూ నన్ను పొమ్మనలేదు."

అత్తయ్య కూడా చెప్పింది. తిట్టింది. "ఒరే భూలోకం, నువ్వు పోతే నీ తలకొరివికి మనిషి కూడా లేడురా" అంది. ఆయన నవ్వి చాప పరుచుకున్నాడు.

మేం కూడా వెళ్ళలేకపోయాం. రెండో వరస దాటేసరికి కాలవ పొంగి దారి మీద నడుం లోతున పారుతోంది. అత్తయ్య కాలు నిలవలేదు. చీర పట్టుకుని వెనక్కి లాగాను. తడిసి ముద్దయి మళ్ళీ ఇదే ఇంటికి వచ్చాం. 

చతుర్దశి

ఇది ఆ రోజున రాసింది కాదు. అమావాస్య వెళ్ళాక, కాలవ గట్టు మీద కూర్చుని, ఎడమచేత్తో పుస్తకం పట్టుకుని మెల్లగా రాస్తున్నాను. కుడిచేయి భుజం దాకా వాచి ఉంది. వేళ్ళు మాత్రం కదులుతున్నాయి.

తెల్లారేసరికి గాలి అరుస్తోంది. తలుపు తెరిచి ఉంచడం మా వల్ల కాలేదు. గాలి తలుపుని విసిరికొట్టింది, పొత్రం దొర్లిపోయింది. నీళ్ళు లోపలికి కొట్టాయి. చివరికి ఇద్దరం కలిసి తలుపు మూశాం. మూయక తప్పలేదు. మూస్తున్నప్పుడు ఏం చేస్తున్నామో ఇద్దరికీ తెలుసు.

పొయ్యి వెలిగించి వంటింటి కిటికీ కాపాడుకుందామనుకున్నాం. కాసేపు బాగానే ఉంది. తర్వాత కిటికీలోంచి వానజల్లు కొట్టి పొయ్యి ఆరిపోయింది. తుడిచి వెలిగించాం, మళ్ళీ ఆరింది. అగ్గిపెట్టె తడిసిపోయింది. మేం చూస్తుండగానే కిటికీ చువ్వల మీద తెల్లటి పొర పాకింది. అత్తయ్య కత్తిపీట తెచ్చి గీకడం మొదలుపెట్టింది. గీకిన చోట ఇంకా ఎక్కువ వచ్చింది. వెలుతురు సన్నబడి, గీతలా అయి, పోయింది.

ఇల్లు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. అన్నింటికన్నా నాకు భయం వేసింది అప్పుడే. బయట అంత తుఫాను, లోపల చెవులు మూసుకున్నట్టుంది. అత్తయ్య ఊపిరి నాకు వినబడుతోంది. గోడది మూడో ఊపిరి కూడా ఉందని తెలుసు కాబట్టి దాని కోసం కూడా విన్నాను. ఏమీ వినబడలేదు.

ఇక మిగిలింది వీధి తలుపులో తాళం ఉండిన కన్నం. అది కూడా అంచుల నుంచి మూసుకుంటోంది. నేను గాజులు తీసేసి చేయి అందులోకి దూర్చాను. మోచేతి దాకా బయటికెళ్ళింది. వాన ముల్లులా గుచ్చుకుంది. గుజ్జు నా చేతి చుట్టూ చేరి, చర్మానికి ఆనీ ఆనకుండా ఆగింది. పక్కన చిన్న సందు మిగిలింది. అందులోంచి చల్లటి గాలి ఈలలా లోపలికి వచ్చింది. అత్తయ్య ఆ సందు దగ్గర ముక్కు పెట్టి పీల్చి, తర్వాత నన్ను పీల్చమంది.

"నీకు నొప్పెడితే నేను పెడతాను," అంది.

అలా కొంతసేపు నేను, కొంతసేపు అత్తయ్య పెట్టాం. మార్చుకునే ఆ క్షణంలోనే కన్నం తగ్గిపోయేది. మూడోసారి నా వంతు వచ్చాక, ఇక మార్చుకుంటే చేయి పట్టదని తెలిసిపోయింది. తీయనని అత్తయ్యకి చెప్పాను. ఆవిడ నా వెనక నిలబడి నా భుజం మోసింది.

ఎంతసేపయ్యిందో తెలియదు. బయట నా చేతిని ఎవరో పట్టుకున్నారు.

నేను కెవ్వుమన్నాను. చేయి లాక్కోబోయాను. ఆ చేయి వదల్లేదు. మంచుముక్కలా చల్లగా ఉంది. రెండో చేయి కూడా వచ్చి నా మణికట్టుని పట్టుకుంది. మనిషి బరువంతా నా చేతి మీద పడింది.

"ఏటే? ఏటయ్యింది?"

"ఎవరో పట్టుకున్నారు అత్తయ్యా!"

"ఎవరే? మనోడా?"

నాకు కూడా ముందు అదే ఆశ పుట్టింది. ఆ చేతులు చిన్నవి. కన్నం దగ్గర నోరు పెట్టి ఎవరో అరిచారు. గాలికి ముక్కలుముక్కలుగా వినబడింది. "హిమజని... సత్యవేణిగారూ... నేను హిమజని..."

ఆ అమ్మాయి పొద్దున్నే రంపం మిషను పట్టుకుని వచ్చిందట. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. మొదటి వరసలో తలుపులన్నీ కోసి అందరినీ ఐస్ ఫ్యాక్టరీ డాబాకి పంపిందట. రెండో వరసలో ఉండగా ఉప్పెన వచ్చింది. మిషను తడిసి ఆగిపోయింది. గాలి ఆమెని ఒక గోడ నుంచి ఇంకో గోడకి కొట్టుకుంటూ తెచ్చింది. ఏ ఇంటికీ పట్టుకోవడానికి ఏమీ లేదు. తలుపు పిడి లేదు, కిటికీ చువ్వ లేదు. నున్నటి గోడలు. అక్కడ ఒక గోడలోంచి చేయి కనబడిందట.

"నీళ్ళు ఎంతున్నాయి?" అని అరిచాను.

"నడుం దాకా... పెరుగుతున్నాయి..."

అత్తయ్య అప్పటికే మంచం కింద నుంచి నైలాను తాడు లాగుతోంది. ఒక కొస వంటింటి రాతి గట్టు కాలికి బిగించింది. రెండో కొసని నా చేతి పక్కనున్న సందులోంచి వేళ్ళతో తోసింది. మాకు గాలి వచ్చే సందు అదొక్కటే.

"అత్తయ్యా, గాలి..."

"ముందు ఆ పిల్ల ఉండాలి కదే."

హిమజ తాడు అందుకుని నడుముకి కట్టుకోవడానికి ఒక చేయి వదలాల్సి వచ్చింది. ఆ కొద్దిసేపు ఆమె మొత్తం నా ఒక్క మణికట్టుకి వేలాడింది. నా భుజంలో ఏదో జారిన చప్పుడైంది. తలుపుకి తల ఆనించి అరిచాను. అత్తయ్య నన్ను వెనక నుంచి వాటేసుకుని తనూ అరిచింది. తర్వాత తాడు బిగిసింది. ఇంటిగోడ ఆ తాడు చుట్టూ పెరిగి దాన్ని పళ్ళతో కరిచినట్టు పట్టేసింది. నా చర్మం వెచ్చదనానికి చేతి చుట్టూ వెంట్రుకంత సందు మాత్రం మిగిలింది; గాలీ, ఆ అమ్మాయి మాటా ఇక అందులోంచే.

అలాగే ఉన్నాం. మా ఊపిరి బరువెక్కింది. కళ్ళ ముందు చుక్కలు. బయట ఆ చేతి పట్టు మాటిమాటికీ సడలుతోంది. నిద్రపోనివ్వకూడదని తెలుసు. ఏం మాట్లాడాలో తెలియక నోటికొచ్చింది అడిగాను.

"మీది ఏ ఊరండీ?"

"తుని."

"అమ్మగారు ఏం చేస్తారు?"

"స్కూల్లో... వంట..."

"మీకేం వండిపెడతారు, ఇంటికెళ్తే?"

జవాబు రాలేదు. చేతిని గట్టిగా నొక్కాను. గోళ్ళు దించాను. "చెప్పండి! ఏం వండుతారు?"

"పనసపొట్టు," అంది చాలాసేపటికి. ఏడుస్తోంది. ఏడుపు వినబడినందుకు నాకు ప్రాణం లేచొచ్చింది.

పొద్దు వాలేసరికి గాలి తగ్గింది, నీళ్ళు తీశాయి. ఐస్ ఫ్యాక్టరీ డాబా మీంచి మొదటి వరస వాళ్ళు గొడ్డళ్ళతో వచ్చారు. తలుపు ఎక్కడుందో వాళ్ళకి తెలిసింది ఆ అమ్మాయి తాడుకి వేలాడుతూ ఉన్నందువల్లే. వాళ్ళు కొడుతున్నంతసేపూ అత్తయ్య "మా కోడలి చెయ్యి జాగర్త, చెయ్యి జాగర్త" అంటూనే ఉంది. చెక్కలు విరిగి గాలి లోపలికి వచ్చినప్పుడు ఇద్దరం గుమ్మంలోనే కూలబడ్డాం.

లేవగలిగాక నేను ముందు భూలోకం బాబాయ్ ఇంటికి నడిచాను. చుట్టూ తిరిగాను. తలుపు ఎటు ఉండేదో గుర్తుపట్టలేకపోయాను. గోడ మీద ఎడమచేత్తో కొట్టాను. "బాబాయ్! నేను సత్యవేణిని!" చెవి ఆనించాను. గోడ వెచ్చగా ఉంది, అంతే.

హిమజని ఇద్దరు చేతుల మీద మోసుకొచ్చారు. నిలబడలేకపోతోంది. "కోయండి," అంది. "ఎక్కడైనా సరే. కోయండి."

గొడ్డలి దిగిన చోట లోపలి నుంచి పాతబడిన గాలి మెల్లగా బయటికి వచ్చింది. ఆయన తలుపు ఉండాల్సిన చోటుకి దగ్గరగా, చాప మీద పక్కకి తిరిగి పడుకుని ఉన్నాడు. నిద్రపోయినట్టే ఉన్నాడు. వేళ్ళ చివర్లు మాత్రం గీరుకుపోయి ఉన్నాయి. నేల పొడిగా ఉంది. చాప పొడిగా ఉంది. అంత తుఫానులో ఆయన ఇంట్లో ఒక్క చుక్క కారలేదు.

అత్తయ్య లోపలికి వెళ్ళి ఆయన తల ఒళ్ళో పెట్టుకుంది. "అన్ని తిట్లు తిట్టాను రా నిన్ను," అంది. నేను గుమ్మం బయటే నిలబడ్డాను. లోపలికి వెళ్ళలేకపోయాను. క్షమించండి, ఇంతకంటే రాయలేను.

కార్తీక శుద్ధ విదియ

గట్టు మీద ఉన్నాం, కాలనీలో మిగిలినవాళ్ళందరం. మూడో వరసలో ఇంకో రెండు ఇళ్ళు ఆలస్యంగా తెరిచారు. ఆ సంగతి మీరు వచ్చాక చెబుతాను.

బాబాయ్‌కి తలకొరివి అత్తయ్యే పెట్టింది. ఆడది పెట్టకూడదని ఎవరో అనబోతే ఆవిడ చూసిన చూపుకి నోరు మూసుకున్నారు.

హిమజ మాతోనే ఉంది. ఆఫీసు జీపు వచ్చి రమ్మంటే వెళ్ళలేదు. ఆమె రెండు చేతుల వేళ్ళూ ముడుచుకుపోయి ఇంకా విచ్చుకోలేదు. మళ్ళీ కదులుతాయని డాక్టరు అన్నాడు. అందాకా అత్తయ్యే అన్నం కలిపి ముద్దలు పెడుతోంది. ఆ అమ్మాయి మొదట సిగ్గుపడింది. అత్తయ్య, "నోరు తెరమ్మా, నా కోడలికి భుజం పోగొట్టిన దానివి, ఈ మాత్రం మాట వినవా?" అంటే నవ్వబోయి ఏడ్చేసింది. పొద్దుట జీపులో వచ్చినవాళ్ళకి జరిగిందంతా చెప్పింది. గోడలు కోసింది తనేనని కూడా చెప్పింది. వాళ్ళు ఏమీ రాసుకోలేదు.

నాకు కళ్ళు మూసుకుంటే చెవులు మూసుకుపోయిన ఆ నిశ్శబ్దం వస్తోంది. ఎవరైనా దుప్పటి ముఖం మీదికి లాగితే లేచి కూర్చుంటున్నాను.

ఇవాళ మధ్యాహ్నం గిన్నెలూ బట్టలూ తెచ్చుకుందామని అత్తయ్యా నేనూ ఇంటికి వెళ్ళాం. గొడ్డళ్ళతో కొట్టిన చోటు కోసం వెతికాం. లేదు. మనిషి పట్టేంత రంధ్రం, మూడు రోజుల్లో ఆనవాలు లేకుండా మానిపోయింది. మన ఇల్లు అక్కడే ఉంది, ఎక్కడా గీత కూడా లేకుండా. మీ బట్టలూ, నా కుట్టుమిషనూ, గిన్నెల స్టాండూ అన్నీ లోపలే ఉన్నాయి. బాబాయ్ ఇల్లు కూడా మూసుకుంది. అత్తయ్య గోడని ముట్టుకోబోయింది. నేను చేయి పట్టి లాగేశాను.

రేపు పడవల మీద మిమ్మల్ని దించుతారని మైకులో చెప్పారు. ఈ పుస్తకం రేవు దగ్గర మీకు ఇవ్వమని మొదటి వరస వాళ్ళకి ఇస్తున్నాను. నేను అంతదూరం నడవలేను. దయచేసి ఒక్క మాట వినండి. మీరు సరాసరి ఇంటికి వెళ్ళకండి. తలుపు కోసం వెతకకండి. లోపల మేం ఉన్నామనుకుని కోయకండి.

గట్టు మీదికి రండి. నీలం టార్పాలిన్ మాది. నాలుగు వైపులా తెరిచే ఉంటుంది.